ఖరీదు వేరు, విలువ వేరు: భూమి కొనేవారు వేసుకోవలసిన లెక్క

'ఖరీదు' అనే మాట ఫార్సీలో పుట్టి ఉర్దూ మీదుగా తెలుగులో ప్రవేశించింది. ఉర్దూలో దాని అర్థము కొనుట. తెలుగులోనికి వచ్చేసరికి కొనుటకు ఇచ్చే సొమ్ము అనే అర్థము స్థిరపడింది. 'విలువ' మన సొంత మాట. నిత్యవ్యవహారములో ఈ రెండింటిని మనము ఒకే అర్థములో వాడుతున్నాము. చీర విషయములో, గడియారము విషయములో అందువలన పెద్ద నష్టము లేదు. భూమి విషయములో మాత్రము ఈ రెండు మాటలను కలిపివేసినవారు ఒక జీవితకాలపు కష్టార్జితమును పోగొట్టుకొనే ప్రమాదమున్నది. ఖరీదు అమ్మేవాడు ఒకనాడు చెప్పే అంకె. విలువ ఆ భూమి ఏండ్ల తరబడి ఇవ్వగలిగినది. మొదటిది చెవితో వినవచ్చు. రెండవది కాగితము కలము పట్టుకొని లెక్క కట్టుకోవలసినదే.

తెలుగు పాఠము చెప్పేవానికి భూమి బేరములతో ఏమి పని అని కమిటీ పెద్దలు నవ్వుకోవచ్చును. కాని మన విద్యార్థుల ఇండ్ల సంగతి వారికీ తెలుసు. తండ్రి దుబాయిలోనో జిద్దాలోనో ఉండి పంపిన సొమ్ము, బియ్యపు మిల్లులో పనిచేసి కూడబెట్టిన సొమ్ము, అక్క పెండ్లికని దాచిన సొమ్ము చివరకు చేరే చోటు చాలావరకు ఒక్కటే. ఊరి బయట ఒక ప్లాటు, లేదా కాలువ కింద అర ఎకరము. వడ్డీని నిషిద్ధముగా భావించే కుటుంబములకు బ్యాంకు డిపాజిట్టు దారి మూసుకొనే ఉంటుంది. మిగిలినవి బంగారము, వ్యాపారములో వాటా, ఇల్లు, భూమి. అందులోను మనవారి మనస్సు మొదట పోయేది భూమి మీదికే. ఆ దస్తావేజును చదివి చెప్పమని ఇంట్లో మొదట అడిగేది కళాశాలలో చదివే కుమారుని, లేదా కుమార్తెను. కనుక ఈ పాఠము వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే పరిమితము కాదు.

మిర్యాలగూడ డివిజనులోని త్రిపురారం ప్రాంతమునే ఉదాహరణగా తీసుకొందాము. ఇక్కడి భూమికి విలువ తెచ్చినది నీరు. నాగార్జునసాగరు ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. ఎడమ కాలువకు లాల్ బహదూరు కాలువ అని పేరు. అంతకుముందు వాన మీద ఆధారపడిన ఖుష్కీ భూములు ఈ కాలువ వచ్చిన తరువాత తరీ భూములైనవి. ఖుష్కీ అనగా ఎండినది, తరీ అనగా తడి కలది. నిజాము కాలపు రెవెన్యూ వ్యవహారము నేటికీ మన పల్లెలలో ఈ మాటలలో బ్రతికి ఉన్నది. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని బియ్యపు మిల్లులు వెలిసినవంటే దానికి మూలము ఈ తడియే.

అయితే కాలువ కింద ఉన్న భూములన్నీ సమానము కావు. మేజరు కాలువ మొదటి తూముల కింద ఉన్న పొలమునకును, చివరి తూముల కింద ఉన్న పొలమునకును హస్తిమశకాంతరము ఉంటుంది. పటములో రెండును ఆయకట్టే. యాసంగిలో నీరు సన్నగిల్లినప్పుడు మొదట ఎండేది చివరి పొలము. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలములో ఎడమ కాలువకు గండి పడింది. 2024 సెప్టెంబరు మొదట్లో నడిగూడెం దగ్గర మరల పడింది. 2023లో కృష్ణకు వరద తగినంత రాకపోవుటచేత ఆ తరువాతి యాసంగికి ఎడమ కాలువ ఆయకట్టు రైతులు వరి వేసుకోలేకపోయినారు. కనుక పొలము కొనదలచినవారు నాట్లు పడి పచ్చగా కళకళలాడే దినములలో పోయి చూడరాదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో పోయి, ఏ తూము కింద ఎంతవరకు నీరు పారుతున్నదో గట్టు మీద నడచి చూడాలి. పక్క పొలము కౌలుదారుతో ఒక పూట కూర్చుంటే పది కాగితములు చెప్పని సంగతి తెలుస్తుంది. నేల తత్త్వమును గురించి అనుమానమున్నవారికి త్రిపురారం మండలములోనే కంపాసాగరులో వ్యవసాయ పరిశోధనా స్థానము, కృషి విజ్ఞాన కేంద్రము ఉన్నవి.

ఇక లెక్కకు వద్దాము. ఈ అంకెలు లెక్కను వివరించుటకు నేను ఊహించుకొన్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోవలెను. ఎకరము 40 లక్షలు చెబుతున్నారనుకొందాము. కౌలు కారుకు 20 వేల చొప్పున ఏటా రెండు కార్లకు 40 వేలు. పైకి చూస్తే నూటికి ఒక రూపాయి రాబడి. కాని పదేండ్లలో ఇరవై కార్లున్నవి. అందులో మూడు కార్లు నీరు లేక పోయినవనుకొంటే 17 కార్ల కౌలు 3 లక్షల 40 వేలు. సగటున ఏడాదికి 34 వేలు. రాబడి నూటికి 85 పైసలకు దిగింది. ఇప్పుడు లెక్కను తిరగవేయండి. నా సొమ్ముకు ఏడాదికి నూటికి 4 రూపాయలైనా రావలెనని ఒకడు కోరితే, 34 వేలు ఇచ్చే భూమికి అతడు ఇవ్వదగినది ఎంత? 34 వేలను 4తో భాగించి నూటితో హెచ్చవేస్తే 8 లక్షల 50 వేలు. రాబడిని బట్టి ఆ ఎకరము విలువ అది. చెప్పిన ఖరీదు 40 లక్షలు. నడుమ ఉన్న 31 లక్షల 50 వేలకు ఏమని పేరు పెట్టాలి? నేను దానిని 'ఆశ' అంటాను.

ఆశ తప్పని నేను అనను. ఆ సొమ్ములో నిజమైన వస్తువులు కొన్ని ఉండవచ్చును. పట్టాదారుకు ప్రభుత్వమిచ్చే పెట్టుబడి సహాయము అందులో ఒకటి. 2018లో రైతుబంధుగా మొదలై, 2025 జనవరి నుండి రైతు భరోసా పేరుతో ఎకరాకు కారుకు 6 వేలుగా నిర్ణయింపబడిన సొమ్ము అది. అదికూడా ప్రభుత్వ నిర్ణయము మీద ఆధారపడినదే గాని భూమిలో పండినది కాదు. రేపు రోడ్డు పడుతుందనే నమ్మకము, ఊరు ఇటువైపు పెరుగుతుందనే అంచనా, నలుగురిలో భూమి గలవాడననే గౌరవము ఇవన్నీ ఆ 31 లక్షలలో కలిసి ఉన్నవి. వాటిని విడదీసి, దేనికి ఎంత ఇస్తున్నానో తనకు తాను చెప్పుకోగలిగినవాడే కొనుటకు అర్హుడు.

ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు డేవిడ్ రికార్డో 1817లో ప్రకటించిన గ్రంథములో ఒక సూత్రము చెప్పినాడు. కౌలు ఎక్కువైనందువలన ధాన్యపు ధర పెరగదు. ధాన్యపు ధర పెరిగినందువలన కౌలు పెరుగుతుంది అని. ఆ మాట త్రిపురారమునకు కూడ వర్తిస్తుంది. 2025-26లో సాధారణ రకము ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ అంకె ఏటా ఎంత పెరుగుతున్నదో, మీ ఊరిలో ఎకరము ఖరీదు ఏటా ఎంత పెరుగుతున్నదో రెండు వరుసలలో వ్రాసి చూడండి. రెండవ వరుస మొదటిదానిని విడిచి ఎక్కడ దూరముగా పోతున్నదో అక్కడినుండి మీరు ధాన్యమును కొనుట మాని ఆశను కొనుట మొదలుపెట్టినారన్నమాట.

ఆ ఆశ ఎక్కడినుండి వస్తుంది? 2023 ఆగస్టు 3న హైదరాబాదు దగ్గర కోకాపేటలో ప్రభుత్వము వేసిన వేలములో ఒక ఎకరము 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఆ వార్త మరునాడు పత్రికలలో వచ్చింది. కోకాపేటకు త్రిపురారమునకు ఏ సంబంధమూ లేదు. అక్కడ కట్టేది ఆకాశహర్మ్యములు, ఇక్కడ పండేది వడ్లు. అయినా అటువంటి వార్త వచ్చినప్పుడెల్లా ఇక్కడ కూడ అమ్మేవాని నోట అంకె మారుతుంది. దామరచర్ల మండలములో యాదాద్రి థర్మల్ కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగింది. అటువంటి నిర్మాణము వలన చుట్టుపట్ల కొంత వ్యాపారము పెరుగుట సహజము. కాని ఎంత దూరము వరకు, ఎంత కాలము వరకు అని అడిగేవారు తక్కువ. అడగవలసిన ప్రశ్న అది.

ఈ విషయమును అందరికంటె ముందుగా గ్రహించినవారిలో ట్యూనిసులో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ ఒకడు. 1377లో రచించిన 'ముఖద్దిమా'లో నగరవాసులు ఇండ్లు, పొలములు కూడబెట్టుకొనుటను గురించి ఆయన ప్రత్యేకముగా చర్చించినాడు. ఒక రాజవంశము అంతరించి మరొకటి తలయెత్తే సంధికాలములో రక్షణ కరవై స్థిరాస్తి విలువ పడిపోతుందని, అప్పుడు చవకగా కొన్నవారు రాజ్యము కుదుటపడిన తరువాత ధనవంతులవుతారని ఆయన పరిశీలన. దీనికి దృష్టాంతము కొరకు దూరము పోనక్కరలేదు. 1948 సెప్టెంబరు తరువాత మన సంస్థానములో దొరికినంతకు ఆస్తి విడిచిపోయిన కుటుంబముల కథలు పెద్దలనుండి విన్నవారు ఈ కళాశాలలోనే ఉన్నారు. ఇబ్న్ ఖల్దూన్ మరొక మాట కూడ చెప్పినాడు. నాకు అదియే ముఖ్యమనిపిస్తుంది. స్థిరాస్తి మీద వచ్చే రాబడి యజమాని అవసరములకు సాధారణముగా చాలదు. తన తరువాత సంపాదించే శక్తి లేని పసిబిడ్డలు ఇబ్బంది పడరాదనియే మనుష్యులు దానిని కూడబెడతారు అని. ఆరు శతాబ్దముల క్రిందటి ఈ మాటకు, నూటికి 85 పైసల మన లెక్కకు ఎంత దగ్గర సంబంధమున్నదో చూడండి. భూమిని భద్రత కొరకు కొనేవాడు తక్కువ రాబడికి ఒప్పుకొని కొంటున్నాడు. అది తెలిసి చేస్తే వివేకమే. లాభము కొరకు కొంటున్నాననుకొని భద్రత ధర చెల్లించేవాడే చిక్కులో పడతాడు.

ప్లాట్ల సంగతి వేరు. అక్కడ పంట లేదు, కౌలు లేదు, ఖరీదంతా ఆశయే. అయినప్పటికీ లెక్క వేసే దారి ఒకటి ఉన్నది. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 గజములు, వెరసి 4,840 గజములు. రోడ్లకు, ఖాళీ స్థలమునకు పోగా నూటికి 55 వంతులు ప్లాట్లుగా మిగులుతుందనుకొంటే సుమారు 2,650 గజములు. ముడి భూమి ఎకరము 40 లక్షలైతే గజమునకు 1,500 పడుతుంది. భూమార్పిడి రుసుము, మట్టి రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు స్తంభములు, హద్దురాళ్లు వీటికి గజమునకు 500 వేయండి. 2,000 అయింది. వెంచరు వారు 6,000 అడుగుతున్నారంటే తక్కిన 4,000 వారి లాభము, మీ ఆశ. రంగుల కరపత్రములో ఈ విభజన ఉండదు. మీరే వెనుకనుండి కట్టుకోవలెను.

అట్టి 200 గజముల ప్లాటు 12 లక్షలకు కొన్నాడనుకొందాము. సొమ్ము ఎన్నేండ్లకు రెట్టింపవుతుందో తెలిస్తే, 72ను ఆ ఏండ్లతో భాగించగా ఏటి పెరుగుదల శాతము ఇంచుమించుగా వస్తుంది. ఎనిమిదేండ్లలో 24 లక్షలైతే 9 శాతము. వినుటకు బాగున్నది. కాని 2021 జూలైలో పెరిగిన తరువాత తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములు కలిపి నూటికి ఏడున్నర. పూర్తి ఖరీదు మీద కడితే 90 వేలు. అనగా పెట్టినది 12 లక్షల 90 వేలు. అమ్మేటప్పుడు మధ్యవర్తికి నూటికి రెండు చొప్పున 48 వేలు. లాభము మీద, 2024 జూలై 23 నుండి అమలులోనికి వచ్చిన 12.5 శాతము పన్ను సుమారు 1 లక్షా 33 వేలు. చేతికి వచ్చేది 22 లక్షల 19 వేలు. తొమ్మిది కాస్తా సుమారు ఏడుకు దిగింది. కొనేవాడు దొరకక మరి నాలుగేండ్లు ఆగి అదే ధరకు అమ్మితే నాలుగున్నర చిల్లర మాత్రమే. భూమిని కొనుట ఒకరోజు పని. అమ్ముట మన చేతిలో లేని పని. కుటుంబములో రాగల ఖర్చులకు సరిపడ సొమ్ము విడిగా ఉంచుకోకుండా ఉన్నదంతా ప్లాటులో పెట్టినవారు, ఆసుపత్రి ఖర్చు వచ్చిననాడు అడిగినవానికి అడిగిన ధరకు అమ్మవలసి వస్తుంది.

పట్టణములో ఇల్లు కొని అద్దెకిచ్చేవారు కూడ ఈ కౌలు లెక్కనే వేసుకోవచ్చును. ఏడాది అద్దెలో ఖాళీగా ఉండే నెలలు, మరమ్మతులు, ఇంటిపన్ను తీసివేసి మిగిలినదానిని ఖరీదుతో భాగించాలి. ఇంటికి మాత్రము కట్టడము ఏటేటా పాతబడి విలువ తగ్గుతుందని, పెరిగేది కింది స్థలమేనని గుర్తుంచుకోవలెను.

ఇరుగుపొరుగు అమ్మకములతో పోల్చి చూచుట మరొక పద్ధతి. మంచిదే. అయితే ఊరిలో వినిపించే ధర అమ్మినవాడు గొప్పకు చెప్పేది, కాగితములో కనిపించేది రుసుము తగ్గుటకు వ్రాసేది. రెండును నిజము కావు. లోపాయికారిగా ఇచ్చిన సొమ్ముకు రేపు వివాదము వస్తే రుజువు ఉండదు.

ఇప్పటివరకు చెప్పిన లెక్కలన్నీ హక్కు నిష్కళంకమైనప్పుడే. హక్కు చెడితే విలువ సున్న. ఇక్కడ ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు ఒక సౌకర్యమున్నది. తెలంగాణ భూమి కాగితముల భాష సగము వారి ఇంటి భాషయే. కౌలు అరబ్బీ 'ఖౌల్', అనగా ఇచ్చిన మాట. హద్దు, హక్కు, ఇనాము, దస్తావేజు వేరే చెప్పనక్కరలేదు. పహాణీ మాత్రము మరాఠీ. చూచి వ్రాసుకొన్నది అని భావము. కబ్జా ఉర్దూలో కేవలము స్వాధీనము. తెలుగు పత్రికలలో అది అన్యాయపు ఆక్రమణ అయింది. అన్నిటికంటె విచిత్రమైనది శిఖము. చెరువు శిఖము అనగానే సంస్కృత 'శిఖ' తోచి, ఎత్తైన చోటు అనుకొంటారు. అది ఫార్సీ 'షికం', అనగా కడుపు. చెరువు కడుపులోని నేల! మాట తెలిసినవాడు అందులో ఇల్లు కట్టుకోడు.

కాగితములను వెనుకకు చదవాలి. నేటి పట్టాదారు నుండి మొదలుపెట్టి 1954-55 నాటి ఖాస్రా పహాణీ వరకు పోయి, చేతులు మారిన ప్రతిచోట దస్తావేజు ఉన్నదా అని చూడాలి. 2020 అక్టోబరు 29న ధరణి, దాని స్థానములో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినవి. కంప్యూటరులో పేరు కనబడినంతమాత్రాన పాత లోపములు పోవు. ఈసీ తీసుకొని తాకట్టులు చూడాలి. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో చూడాలి. భూమిలేని పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూమి అయితే 1977 చట్టము ప్రకారము ఆ అమ్మకము చెల్లదు. సొమ్ము పోతుంది, భూమి ప్రభుత్వమునకు పోతుంది. ఇనాము భూమి అయితే ఆర్డీవో ఇచ్చిన ఆక్యుపెన్సీ పత్రము అడగాలి. 1950 కౌలుదారీ చట్టము కింద రక్షిత కౌలుదారు పేరు పాత పహాణీలో ఉంటే అతని వారసుల సంగతి తేల్చుకోవాలి.

సాదా బైనామా మన పల్లెల పాత జబ్బు. తెల్లకాగితము మీద వ్రాసి, వేలిముద్ర వేయించి, నలుగురు సాక్షులను పెట్టి భూమి కొన్నామనుకొంటారు. నూరు రూపాయలకు మించిన స్థిరాస్తి అమ్మకమునకు రిజిస్ట్రేషను తప్పదని చట్టము. 2020లో ప్రభుత్వము క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిచినప్పుడు లక్షల సంఖ్యలో వచ్చినవి. తరువాత ఆ వ్యవహారము హైకోర్టుకెక్కి ఏండ్ల తరబడి నిలిచింది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకములు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో స్పష్టముగా చెప్పింది. ప్లాట్ల విషయములో లేఅవుటు అనుమతి, 500 చదరపు మీటర్లకు మించిన వెంచరైతే రెరా నమోదు చూడాలి. రెరా చట్టము ప్రకారము ఒప్పందపత్రము రిజిస్టరు కాకుండా ఖరీదులో పదవ వంతుకు మించి తీసుకొనే అధికారము వెంచరు వారికి లేదు. ఈ ఒక్క నియమము గుర్తున్నా చాలామంది సొమ్ము నిలుస్తుంది.

వక్ఫు భూమి విషయములో మనవారికి ఎక్కువ జాగ్రత్త, ఎక్కువ బాధ్యత కూడ ఉన్నవి. మసీదుకు, దర్గాకు, ఖబరస్తానుకు అంకితమైన నేలను ముతవల్లి అమ్మినా అది అమ్మకము కాదు. తక్కువ ధరకు వస్తున్నదని కొనేవాడు చట్టము ముందు, ధర్మము ముందు కూడ దోషి. మరొకవైపు, వక్ఫు అని పేరుపడిన భూమి కూడ తుదకు కాకపోవచ్చును. మణికొండలో హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని 2006లో వక్ఫు బోర్డు ప్రకటించిన 1,654 ఎకరముల 32 గుంటల భూమి ప్రభుత్వమునకే చెందుతుందని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదహారేండ్లు ఆ భూమి ఎవరిదో తేలలేదు.

చివరకు వారసుల సంగతి. ఒక ముస్లిము కుటుంబము నుండి భూమి కొనేటప్పుడు అన్నదమ్ముల సంతకములతో సరిపెట్టుకొనుట వాడుక. షరియతు ప్రకారము కుమారుని వాటాలో సగము కుమార్తెది. భార్యకు వాటా ఉన్నది, తల్లి బ్రతికి ఉంటే ఆమెకూ ఉన్నది. హిందూ కుటుంబములలో కూడ ఉమ్మడి రాష్ట్రములో 1986 నాటి సవరణ, దేశమంతటా 2005 నాటి సవరణ కుమార్తెకు పిత్రార్జితములో సమాన హక్కునిచ్చినవి. పెండ్లినాడు ఇచ్చినామని, ఆమె అడగదని అన్నలు చెబుతారు. ఆమె అడగకపోవచ్చును, ఆమె కుమారుడు అడగవచ్చును. బయానా ఇవ్వకముందే వంశవృక్షము వ్రాయించి, అందులోని ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చదివించుకొని, వ్యవసాయ భూమి అయితే తహశీలుదారు కార్యాలయమునకు, ప్లాటు అయితే సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు వారినందరిని రప్పించవలెను. ఆ దినము అన్నలు చెప్పిన ఖరీదులో చెల్లెలి వాటా ఎంతో ఆమెకు చెప్పి, ఆమె చేతికి ఇచ్చినారో లేదో కొనేవాడు తన కంటితో చూడవచ్చును. మన కళాశాలలో చదివే అమ్మాయిలు ఈ పేరాను ఇంట్లో బిగ్గరగా చదివితే నాకు సంతోషము.